ఉప్పు కొఠారు పక్కింటి టీవీ

మా పాలెం నుంచి సముద్రం ఒడ్డుకు పోయే దారిలో పాత ఉప్పు కొఠారు ఒకటి ఉండాది. దాని పేరెత్తితే అల్లూరులో ఏడ్చే పిల్లకాయలు నోరు మూస్తారు. కోట ఊళ్ళో కుక్కలు మంచాల కిందికి దూరతాయి. నెల్లూరు ఆటోవాళ్ళయితే మనం చెప్పిన బాడుగకే ఒప్పేసుకుంటారు... అంత భయం.

ఎప్పుడో తెల్లదొరల కాలంలో ఉప్పు మోసే మనిషొకామె ఆ కొఠారులోకి పోయిందంట. పైనుంచి ఉప్పు రాశి కూలింది. తవ్వినారంట... తవ్వినారంట... మనిషి దొరకలేదు. అప్పట్నుంచి పొద్దు గూకితే చాలు, నెత్తిన తట్ట పెట్టుకుని, దారంతా ఉప్పు రాలుస్తా తిరగతా ఉంటుందంట.

మా మామ కళ్ళారా చూసినాడు. చూసిన రాత్రికి రాత్రే ఆయన జుట్టు ముగ్గుబుట్టయిపోయింది. ఆయనది అప్పటికే బట్టతల, అది వేరే సంగతి.

అట్టాంటి చోట, ఆ కొఠారు గోడకు ఆనించినట్టుగా, మాల్యాద్రి ఇల్లు కట్టినాడు.

అతనికేం ధైర్యం ఎక్కువయి కాదు. ధైర్యమంతా పెళ్ళాం ధనలక్ష్మిది. ఆ పిల్ల కాపురానికి వచ్చినప్పట్నుంచి అత్త వెంకటశేషమ్మ ఇంట్లోనే ఉండాది. వెంకటశేషమ్మ చెవులు ఎట్టాంటివంటే, మన వంటింట్లో మూత జారితే ఆమె పక్క వీధిలో ఉండి, అది పులుసు గిన్నె మూతో కూర గిన్నె మూతో చెప్పేస్తుంది. ధనలక్ష్మి కోరిక ఒక్కటే. తన ఇల్లు, తన పొయ్యి, తన మూత. అది జారినా ఎందుకు జారిందని అడిగేవాళ్ళు ఉండకూడదు.

పాలెంలో వేరే జాగా లేదు. దెయ్యం పక్కన జాగా ఉంది. దెయ్యమా, అత్తా అని ఆ పిల్ల రెండు రాత్రులు ఆలోచించి, దెయ్యమే మేలనుకునింది.

వెంకటశేషమ్మ గృహప్రవేశానికి వచ్చి పాయసం తాగి, పోతా పోతా కొడుకుతో ఒక మాట అనేసి పోయింది. ఇక్కడ పిల్లి అరిచినా సరే, నేను వచ్చి మిమ్మల్ని వెనక్కి తీసుకుపోతానురా అని.

అదిగో, ఆ మాట మీదనే నడిచింది కథంతా.

చేపల వేట నిషేధం రోజులొచ్చినాయి. బోట్లన్నీ ఒడ్డెక్కినాయి. మగవాళ్ళకు పని లేదు. మాల్యాద్రి నెల్లూరు పోయి టీవీ తెచ్చినాడు. టీవీ అంటే టీవీ కాదు, తెరచాప. తలుపులో పట్టక గోడ పగలగొట్టాలన్నారు. అడ్డంగా తిప్పితే పట్టింది, అయినా పగలగొట్టినట్టే చెప్పుకుంటారు మా వాళ్ళు.

అది స్మార్ట్ టీవీ. కేబులు అక్కర్లేదు, తీగ అక్కర్లేదు. వైఫై అనేది ఒకటుంటే గాల్లోనే వచ్చేస్తుందన్నాడు కొట్టువాడు. లైను మనిషి వచ్చి, చెవులు నిక్కబొడిచిన కుందేలు లాంటి డబ్బా ఒకటి ఇచ్చి, పాస్‌వర్డు చెప్పి పోయినాడు. దాన్ని రిమోటుతో టీవీలో కొట్టుకోవాలంట.

అమావాస్య రాత్రి నడిసముద్రంలో దారి తప్పని మనిషి మాల్యాద్రి... ఆ అక్షరాల మధ్య తప్పిపోయినాడు. కుడికి నొక్కితే ఒక అక్షరం దాటి పోతుంది. ఎడమకు నొక్కితే వెనక్కి వచ్చి పక్కదాని మీద కూర్చుంటుంది. పెద్దక్షరం చిన్నదవుతుంది. చివరి అంకె దాకా వచ్చినాక వేలు జారి మొత్తం చెరిగిపోతుంది. మొదలుపెట్టినప్పుడు నున్నగా గీసుకున్న గడ్డం, అయ్యేసరికి బొడ్డు దాకా పెరిగింది.

కనెక్ట్ అయింది. మాల్యాద్రి చెమట తుడుచుకుని ఇంట్లో ఒక శాసనం చేసినాడు. ఈ టీవీని ఎవరూ ఆపకూడదు. ఆపితే పాస్‌వర్డు మళ్ళీ కొట్టాల్సి వస్తుంది, ఈ జన్మలో అది నా వల్ల కాదు అని. ఆపినా కొట్టక్కర్లేదని చెప్పేవాళ్ళెవరూ ఆ ఇంట్లో లేరు.

ధనలక్ష్మి డబ్బాను ఉప్పుగాలి తగలకుండా వంటింట్లో భద్రం చేసుకుని, చెయ్యి కడుక్కుని వచ్చి, తన సీరియల్ పెట్టుకునింది. మొదటి భాగం నుంచి.

బొమ్మ వచ్చింది. ఒక పెద్దామె. అరచెయ్యంత కుంకుమ బొట్టు. గుడ్లురిమి చూసింది. నోరు తెరిచింది...

ఆగిపోయింది.

నోరు తెరిచినట్టే ఉండాది. ఒక కన్ను మూసి, ఒక కన్ను తెరిచి. నొసటి మీద తెల్లటి చక్రం ఒకటి... తిరగతా ఉండాది. తిరగతానే ఉండాది.

ఆ పూటంతా చూసినారు. చక్రం తిరగడమే గానీ ఆమె నోరు మూసింది లేదు. శాసనం ఉంది కదా, టీవీ ఆపలేదు. మొగుడూ పెళ్ళాం ఆ మొహం కిందనే పడుకున్నారు.

మర్నాడు దీపాలు పెట్టే వేళకు రహీమున్నీసా వచ్చింది. అల్లూరు నుంచి చీరల మూట తెచ్చి పాలెంలో అమ్ముకుంటుంది. మంచి మనిషి, ధైర్యం గల మనిషి, అరువు అడిగినవాళ్ళను కూడా కూర్చోబెట్టి మాట్లాడే మనిషి. చీకటి పడింది, అన్నం తిని పో అక్కా అని ధనలక్ష్మి వంటింట్లోకి పోయింది. మాల్యాద్రి ఒడ్డున వల బాగుచేసుకుంటా ఉన్నాడు.

హాల్లో రహీమున్నీసా ఒక్కతే. ఎదురుగా... ఆ మొహం.

చక్రం ఆగింది.

మూసిన కన్ను తెరుచుకునింది.

"ఎందు... ఎందు... ఎందుకు వచ్చావు..."

రహీమున్నీసా మూట అక్కడే వదిలేసి లేచింది. అల్లూరు బస్సు అప్పటికే బయల్దేరిపోయింది. ఆమె పరిగెత్తి, బస్సును దాటి, అల్లూరులో దిగేవాళ్ళకు తానే ఎదురొచ్చిందని చెబుతారు.

కేక విని ధనలక్ష్మి హాల్లోకి వచ్చేసరికి ఏముంది. మొహం గడ్డకట్టి ఉండాది. చక్రం తిరగతా ఉండాది.

ఆ తర్వాత శివశంకర్ వచ్చినాడు, మాల్యాద్రికి బోటులో వాటాదారుడు. పొద్దుగూకే వేళే. అన్నా, భోంచేసి పో అనింది ధనలక్ష్మి, లోపలికి పోయింది. చక్రం ఆగింది. "నీకు... నీకు... ఇక్కడేం పని..." సొరచేపను ఒంటిచేత్తో లాగే శివశంకర్, కిటికీలోంచి దూకినాడు. తలుపు తెరిచే ఉంది. అయినా కిటికీలోంచే.

పాలెమంతా తేల్చేసింది. ఉప్పు తట్టామె టీవీలోకి చేరింది. ఇంట్లోవాళ్ళను ఏమీ అనదు. చుట్టం వస్తే చాలు... లేస్తుంది.

మాల్యాద్రి మాత్రం ఒక ప్రయత్నం చేసినాడు. కంపెనీకి ఫోను చేసినాడు. ఒకటి నొక్కమంటే నొక్కినాడు, తొమ్మిది నొక్కమంటే నొక్కినాడు, పాట విన్నాడు. చివరికి తేనె పూసిన గొంతు ఒకటి పలికింది. డబ్బాలో పచ్చ లైటు వెలుగుతోందా సార్ అని. వెలగతా ఉందా మేయ్ అని ఇతను కేకేసినాడు. ధనలక్ష్మి వంటింట్లోకి పోయి, చూసి, వెలగతా ఉందయ్యా అనింది. ఆ క్షణానే టీవీలో ఆమె కదిలింది, గాజులు సర్దుకునింది. వచ్చింది వచ్చింది అన్నాడు మాల్యాద్రి. మీ సమస్య పరిష్కారమైంది సార్, మాకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు అనింది తేనె గొంతు. అయిదూ ఇచ్చినాడు. ఫోను పెట్టినాడు.

మళ్ళీ గడ్డకట్టింది.

అప్పుడొచ్చింది వెంకటశేషమ్మ.

వచ్చి, టీవీ ఎదురుగా కాళ్ళు చాపుకుని కూర్చునింది. మీకు నేను లేకపోతే జరగదని నాకు తెలుసు అనింది. పిల్లకు దిష్టి తీసినట్టు టీవీని పైనుంచి కిందిదాకా చూసింది. ఎంత కోపమున్నా అత్తకు అన్నం పెట్టకుండా పంపరు కదా, ధనలక్ష్మి వంటింట్లోకి పోయింది.

"నువ్వా..." అనింది టీవీ. "మళ్ళీ... మళ్ళీ... నువ్వా..."

వెంకటశేషమ్మ వెనక్కి పడిపోయింది. నీళ్ళు చల్లితే లేవలేదు. మజ్జిగ తెస్తే లేచింది.

లేచి, కొడుకు చెయ్యి పట్టుకుని గట్టిగా చెప్పింది. రేపు రాత్రికి మంత్రాల మునెయ్యను పిలిపిస్తున్నా. అతను వదిలించినాడా, మంచిది. నేనూ నా మంచం తెచ్చి ఈ టీవీ ముందే వేసుకుంటా, మీకు తోడుంటా. వదిలించలేదా... కాపుల దగ్గరికి పోతా. ఈ ఇంటి మీద దురాయి వేయిస్తా.

దురాయి అంటే తెలుసా. పాలెం పెద్దలను మేము కాపులంటాం. వాళ్ళు కూర్చుని ఒక కట్టుబాటు చేసినారంటే అదే దురాయి. పోలీసుల మాట దాటినవాళ్ళను చూసినాను, కలెక్టరు మాట దాటినవాళ్ళను చూసినాను. దురాయి దాటినవాళ్ళను చూడలేదు. ఆ ఇంటికి తాళం పడితే ఇక కప్ప కూడా దాంట్లో కాపురం ఉండదు.

మర్నాడు పొద్దున మాల్యాద్రి అమ్మ ఇంట్లో తమ పాత గది చిమ్మడానికి పోయినాడు. ధనలక్ష్మి ఒక్కతే సామాను సర్దడం మొదలుపెట్టింది. ఏడవలేదు. ఏడిస్తే అత్తకు వినపడుతుంది.

ముందు బియ్యం డ్రమ్ము తీద్దామనుకునింది. స్టీలు డ్రమ్ము, ఆ పిల్ల పుట్టింటివాళ్ళు ఇచ్చింది. తీగలు సాగినంత దూరం వంటింటి గడప దాకా లాక్కొచ్చింది.

డ్రమ్ముకు తీగలేందని అడుగుతారేమో. అడగండి.

మా తట్టు ఉప్పుగాలికి ఇనుము నిలవదు. గోడకు గడియారం తగిలిస్తే ఏడాదికి టైము మిగులుతుంది, ముల్లు మిగలదు. అందుకని మా ఆడవాళ్ళు టార్చిలైటు, రేడియో, మగవాళ్ళ బోటులో వాడే దారి చూపించే యంత్రం, ఏదైనా సరే బియ్యంలో పెట్టి మూత బిగిస్తారు. బియ్యంలో ఉన్న వస్తువుకు ఉప్పు సోకదు. ధనలక్ష్మి కూడా అంత విలువైన వైఫై డబ్బాను బియ్యంలో మెడ దాకా పూడ్చి, తీగలు పోయేటంత సందు వదిలి, మూత బిగించింది. అలా ఎందుకు చేసినావని మా పాలెంలో ఎవరూ అడగరు. చేయకపోతే అడుగుతారు.

గడప దగ్గర నిలబడి మూత తీసింది.

హాల్లో... చక్రం ఆగింది.

పెద్దామె కన్ను తెరిచింది. గాలి పీల్చింది. పమిట సర్దుకునింది.

ధనలక్ష్మి మూత వేసింది. ఆమె కొంచెం నీలిగి, గడ్డకట్టింది.

మూత తీసింది. కదిలింది. వేసింది. గడ్డకట్టింది. తీసింది, వేసింది, తీసింది... తబలా వాయించినట్టు వాయించింది. ఆ పెద్దామె కుక్కలు తరిమిన కోడిలాగా అదిరింది.

డబ్బాకూ టీవీకీ మధ్య ఒక స్టీలు గోడ అడ్డం పెట్టుకుని కూర్చున్నాం గదా అని నవ్వింది. ఇద్దరికే కొలిచే వేళ మొగుడు ఒడ్డున ఉంటాడు, హాల్లో చూసేవాళ్ళుండరు. చుట్టం వస్తే మళ్ళీ బియ్యం కొలవాలి. బియ్యం కొలవాలంటే మూత తీయాలి. మూత తీస్తే దెయ్యం లేస్తుంది. అయిపోయింది. పాలెం పాలెమంతా ఒక డ్రమ్ము మూతకు భయపడి పరిగెత్తింది.

మాల్యాద్రికి చెప్పాలని చెప్పులు తొడుక్కునింది. వాకిలి దాటింది.

నిలబడిపోయింది.

దెయ్యం లేదంటే... అత్త మంచం వస్తుంది. దెయ్యం ఉందంటే... ఇల్లు పోతుంది.

వెనక్కి వచ్చింది. సామాను ఎక్కడివక్కడ సర్దేసింది. డ్రమ్మును దాని మూలకు నెట్టేసింది. ఎవరికీ ఒక్క మాట చెప్పలేదు... నాకు తప్ప. నాకు చెబితే ఎవరికీ తెలియదని అందరికీ తెలుసు.

ఇంకో పని కూడా చేసింది. ఆ సీరియల్‌ను ఆ పిల్ల ఫోన్లో, ఫోన్ సొంత డేటాతో, ఎప్పట్నుంచో చూస్తా ఉండాది. నిన్నటిదాకా చూసేసింది. టీవీలో ముచ్చటపడి మొదట్నుంచి పెట్టుకున్నది మాత్రం, బియ్యం కొలిచినప్పుడు నాలుగు మాటల చొప్పున, ఇంకా మొదటి భాగం మధ్యలోనే ఉంది. మళ్ళీ ఒకసారి ఫోన్లో ఆ భాగం పెట్టుకుని, ఆమె తర్వాత ఏమంటుందో విని, తలుపేసుకుని, నోటికి నేర్చుకునింది.

రాత్రి అన్నం వేళకు మునెయ్య వచ్చినాడు. మెడలో ఎముకలు, చేతిలో నిమ్మకాయలు, చెవుల్లో దూది. దూది ఎందుకంటే దెయ్యం మాట వినకూడదన్నాడు. మరి దానితో ఎట్టా మాట్లాడతావంటే వినలేదు, దూది ఉంది కదా.

వాకిట్లో కాపులు నిలబడ్డారు. పాలెమంతా దూరంగా రోడ్డు మీద. వెంకటశేషమ్మ హాల్లోనే, మునెయ్య వెనకాల, మాల్యాద్రి చెయ్యి పట్టుకుని.

లైట్లు తీసేసినారు. ఆ మొహం వెలుగు ఒక్కటే, నీలంగా.

టీవీ ముందు మునెయ్య ముగ్గేసి, దూది ఒక చెవిలోంచి తీసి, ఇది మట్టి దెయ్యం కాదు, నీటి దెయ్యం కాదు, తీగ లేకుండా వచ్చింది కాబట్టి గాలి అని తేల్చినాడు. ఒక సోలెడు బియ్యం తెమ్మన్నాడు.

ధనలక్ష్మి లేచింది. చీకట్లో వంటింట్లోకి పోయింది. కాలి పట్టీలు ఘల్లుమన్నాయి... ఆగినాయి.

లోపలి నుంచి గొంతు వచ్చింది, సన్నగా.

"అమ్మా... నువ్వెవరో నాకు తెలీదు. ఈ ఇంట్లో నేను ఉండాలా... పోవాలా. నువ్వే చెప్పు."

ఎవరూ ఊపిరి తీయలేదు. సముద్రం కూడా ఆగిందంటారు, ఒక అల సగంలో నిలబడి చూసిందంట.

చక్రం... ఆగింది.

కన్ను తెరుచుకునింది.

"ఇది ఈ పిల్ల ఇల్లు," అనింది టీవీ. ఈసారి తడబడలేదు. "ఈ పిల్ల పిలిస్తేనే ఈ గడప తొక్కాలి. పిలవకుండా ఎవరైనా వచ్చారో..."

గుడ్లురిమింది. సరిగ్గా వెంకటశేషమ్మ కూర్చున్నవైపు.

"...నేను ఊరుకోను."

గడ్డకట్టింది.

తర్వాత ఏం జరిగిందో సరిగ్గా చెప్పలేను, చెప్పేవాళ్ళంతా పరిగెత్తతానే ఉన్నారు. చెప్పులన్నీ వాకిట్లోనే మిగిలినాయి. కాపుల్లో పెద్దాయన, పక్షవాతమని ఏడాదిగా మంచం దిగక, మంచంతోనే వాకిట్లోకి మోసుకొచ్చినవాడు, అందరికంటే ముందు రోడ్డెక్కినాడు. మునెయ్య తీర్పు అల్లూరు బస్టాండు నుంచి ఫోన్లో చెప్పినాడు. ఆమె ఇంటిని కాచే తల్లి, వదిలించకూడదు, నన్ను మళ్ళీ పిలవకూడదు అని. కాపులు రోడ్డు మీదనే దురాయి వేసేసినారు. ఆ ఇంటికి తాళం వేయడానికి లేదు. ధనలక్ష్మి పిలవకుండా పొద్దుగూకినాక ఎవరూ ఆ గడప తొక్కడానికి లేదు.

మాల్యాద్రిని కాపులు తమతో తీసుకుపోయినారు, ఒంటరిగా నడవలేక.

ధనలక్ష్మి గేటు వేయడానికి వచ్చింది. ఒళ్ళంతా తేలికగా ఉంది. తన ఇల్లు. తన పొయ్యి. తన మూత.

గేటు అవతల, చీకట్లో... ఒక మనిషి.

"ధనలక్ష్మీ..."

అత్త.

"బాగా చెప్పించినావు మే."

 ఏంది అత్తా చెప్పించేది అని ధనలక్ష్మి గేటు సందులోంచి అడిగింది.

వెంకటశేషమ్మ చెంగు ముడి విప్పింది. లోపల ఫోను. దాని వెలుగు కింద నుంచి పడి ఆమె మొహం టీవీలో మొహంలాగే ఉండాది.

"ఆ సీరియల్ నేనూ చూస్తా. మొదటి దినం మాట తడబడింది కాబట్టి తెలీలేదు. ఈరోజు స్పష్టంగా వినపడింది." ఇంకా దగ్గరికి వంగింది. "నువ్వు నిన్నటిదాకా చూసి ఉంటావు. ఈ పూట వచ్చింది చూడలా. చూడు... తొందరేం లేదు."

తిరిగి పోయింది. చీకట్లో అడుగుల చప్పుడు కూడా లేదు.

ధనలక్ష్మి తలుపు గడియ వేసి, డబ్బాను బియ్యంలోంచి పైకి తీసి, స్టూలు మీద పెట్టింది. రిమోటు పట్టుకుని భాగాలన్నీ దాటుకుంటా, దాటుకుంటా, ఈ పూటది పెట్టింది.

అదే పెద్దామె. అదే గడప. ఊరుకోనన్న మనిషి మూలన కూర్చుని ఏడస్తా ఉండాది. ఎదురుగా తలుపు తెరుచుకునింది. ఆ సీరియల్లో కోడలి అత్త... చేతిలో ట్రంకుపెట్టె. వెనక మంచం మోసుకుంటా ఆమె చెల్లెళ్ళు ఇద్దరు.

"పిలిచేదాకా ఆగేదాన్ని కాదమ్మా నేను," అంటా నవ్వింది. "చీకటి పడినాక రాకూడదన్నారు గాని... తెల్లవారినాక రాకూడదని ఎవరూ అనలేదే."

ట్రంకుపెట్టెను గడప మీదికి ఈడ్చింది. గర్... గర్...

చక్రం వచ్చింది.

ఆ మొహం గడ్డకట్టింది, నవ్వు సగంలో. డబ్బా స్టూలు మీదనే ఉండాది. పచ్చ లైటు వెలగతానే ఉండాది.

కిటికీలోంచి తెల్లవారుతున్న వెలుగు సన్నగా పడింది. భాగాలన్నీ దాటుకుంటా వచ్చేసరికి రాత్రి ఎప్పుడు గడిచిందో తెలియలేదు ఆ పిల్లకు.

టీవీలో బొమ్మ ఆగింది. మాట ఆగింది.

ఈడ్చే చప్పుడు మాత్రం... గేటు దగ్గర్నుంచి... వస్తానే ఉండాది.